నారోపా విద్యాపీఠ స్వర్ణోత్సవము



ఒక విద్యాలయమునకు ఏబది యేండ్లు నిండినప్పుడు ఉత్సవము చేయుట మనలో వాడుక. తోరణములు కట్టుదుము, పాత విద్యార్థులను పిలుతుము, స్థాపకుల పటమునకు పూలమాల వేయుదుము, ఎందఱు చదివిరో, ఎందఱు ఉద్యోగములకెక్కిరో లెక్క చదివి వినిపింతుము. ఆ లెక్కలో దోషమేమియు లేదు. కాని ఆ లెక్కతో చదువు యొక్క విలువ తేలునా యను ప్రశ్న మాత్రము మిగిలియుండును. ఇట్టి ప్రశ్న నెదుర్కొన్న పండితుని పేరునే తన పేరుగా పెట్టుకొన్న విద్యాలయమొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలదు. అది కొలరాడో రాష్ట్రమున, బౌల్డరు పట్టణములో 1974లో పుట్టిన నారోపా విశ్వవిద్యాలయము. 2024వ సంవత్సరమున దానికి ఏబది యేండ్లు నిండినవి. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుట నేటి నా ప్రసంగోద్దేశము.

అంత దూరపు ముచ్చట మనకేల యని మీరడుగవచ్చును. ఆ విద్యాలయము ధరించిన పేరు మన దేశపు పండితునిది. అచ్చటి విద్యకు మూలము మన విహారములలోనిది. అంతకన్న ముఖ్యముగా, ఆ పండితుని ఒక ముదుసలి అడిగినదని చెప్పు ప్రశ్న మన గ్రామములలో మన చదువును గూర్చి మనము వేసికొనదగినది.

ముందుగా ఆ పేరు గలవాని కథ వినుడు. నారోపా 11వ శతాబ్దికి చెందిన బౌద్ధాచార్యుడు. సంస్కృతమున ఇతని పేరు నాడపాదుడని కనబడును. టిబెట్టు గాథల ప్రకారము ఇతడు నలందా మహావిహారమునకు ఉత్తరద్వార పండితుడు. విక్రమశిలకు అని చెప్పువారును కలరు. ద్వారపండితుడనగా కావలివాడు కాడు. వాదమునకై వచ్చిన పండితులను ద్వారముకడనే నిలిపి, వారి పాండిత్యమును పరీక్షించు మహావిద్వాంసుడు. అట్టివాడొకనాడు ఎండకు వీపునిచ్చి కూర్చుండి గ్రంథము చదువుకొనుచుండగా పుస్తకముపై నీడ పడినదట. తలయెత్తి చూడగా ఒక ముదుసలి నిలిచియున్నది.

"నాయనా, నీవు చదువుచున్నదానిలో మాటలు తెలిసినవా, అర్థము తెలిసినదా?" అని ఆమె యడిగినది.

"మాటలు తెలిసినవి, అవ్వా" అని పండితుడు బదులు చెప్పెను. అవ్వ పకపక నవ్వి, చేతికఱ్ఱ నాడించుచు చిందులు వేసినదట. ఈ మాటకే ఇంత సంతోషించినది గదా, మఱికొంత సంతోషపెట్టుదునని యెంచి పండితుడు "అర్థమును తెలిసినది" అనెను. వెంటనే అవ్వ బావురుమని యేడ్చినది. ఏలయని యడుగగా, "ఇంతటి పండితుడు నిజము చెప్పెనని నవ్వితిని, అంతలోనే అబద్ధమాడెనని యేడ్చితిని" అనినది.

మఱి అర్థము తెలిసినవాడెవడని నారోపా యడిగెను. ఆమె తిలోపా యను వాని పేరు చెప్పినది. తిలోపా నువ్వులు దంచుకొని బ్రదికెనని గాథ. తిలలవలననే అతనికా పేరు వచ్చెనందురు. ద్వారపండితుడు పదవిని, గౌరవమును విడిచి, ఆ నువ్వులు దంచువానిని వెదకికొనుచు పోయెను. పెక్కేండ్లు కష్టములు పడి అతనికడ శిష్యరికము చేసెను.

ఇది గాథయే, అందలి ప్రతి ముక్కయు జరిగినదని నేను వాదింపను. కాని ఒక్క విషయము గమనింపుడు. విశ్వవిద్యాలయమును విడిచిపోయినవాని పేరు ఒక విశ్వవిద్యాలయమునకు పెట్టినారు! ఇది హాస్యమునకు చేసినది కాదు. "మేము చెప్పు చదువు మాటలతోనే నిలిచిపోవచ్చును, ఆ యపాయము మాకు తెలియును" అని గడపమీద వ్రాసికొనుట వంటిది.

ఆ పేరు సముద్రములు దాటిన విధమును కొంచెము చెప్పవలెను. నారోపా శిష్యులలో మార్పా యనువాడు టిబెట్టువాడు. సన్న్యాసి కాడు, పొలము పుట్ర, ఆలుబిడ్డలు గల గృహస్థు. అతడు పలుమాఱులు హిమాలయములు దాటి మన దేశమునకు వచ్చి, గురువులకడ నేర్చి, గ్రంథములను తన భాషలోనికి మార్చెను. అతని శిష్యుడు మిలరేపా. వారి పరంపరకు కగ్యూ అని పేరు. 1200 ప్రాంతమున నలందాది విహారములు ధ్వంసమైనవి. ఇక్కడ గ్రంథశాలలు కాలినను, అక్కడ మంచుకొండల మాటున ఆ విద్య గురువునుండి శిష్యునకు దిగుచు బ్రదికినది.

పేర్లిట్లు ప్రయాణము చేయుట క్రొత్త కాదు. మన కృష్ణాతీరమున, అమరావతికడ ధాన్యకటకము కలదు గదా! బుద్ధుడు కాలచక్ర తంత్రమును అచ్చటనే బోధించెనని టిబెట్టువారి నమ్మకము. ఆ గౌరవముచేత 1416లో లాసా నగరము చెంత ఒక మహావిహారమును కట్టి దానికి డ్రెపుంగ్ అని పేరిడిరి. ఆ మాటకు వరిరాశి యని యర్థము. అది మన ధాన్యకటకమునకు వారి తర్జుమా. 1959 తరువాత దేశము విడిచి వచ్చిన భిక్షువులు ఆ పేరుతోనే కర్ణాటకమున ముండగోడులో విహారము నిలుపుకొనిరి. 2006 జనవరిలో దలైలామాగారు అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష నిచ్చిరి. చూచితిరా! మన యూరి పేరు మంచుకొండలకు పోయి, మరల దక్షిణాపథమునకు వచ్చినది. నారోపా పేరు ఇంకను దూరము పోయినది.

దానిని కొనిపోయినవాడు చోగ్యాం ట్రుంగ్పా. తూర్పు టిబెట్టున పుట్టి, బాల్యముననే ఒక పీఠమునకు అధిపతిగా గుర్తింపబడినవాడు. మార్పా, మిలరేపాల పరంపరలోనివాడు. 1959లో దేశము తలక్రిందులు కాగా, అనుచరులతో బయలుదేరి నెలల తరబడి కొండలు, నదులు దాటెను. తిండి లేక తోలుసంచులను ఉడికించి తినిన దినములు కలవు. బయలుదేరిన వారిలో పెక్కుమంది దారిలో చిక్కుపడిపోగా, మిగిలినవారితో 1960 ఆరంభమున మన దేశము చేరెను. 1963లో ఆక్సుఫర్డునకు చదువుకొనబోయెను. 1967లో స్కాట్లండున ధ్యానకేంద్రము నెలకొల్పెను. పిమ్మట కాషాయము విడిచి గృహస్థుడై 1970లో అమెరికా చేరెను.

1974 వేసవిలో బౌల్డరున అద్దె చోటులలో మొదటి తరగతులు జరిగినవి. బౌల్డరు రాకీ పర్వతముల పాదమున, సముద్రమట్టమునకు సుమారు 5,400 అడుగుల ఎత్తున నున్న పట్టణము. కొలదిమంది వత్తురనుకొన్న చోటికి వేయిమందికి మించి వచ్చిరి. ఒకనాటి రాత్రి ట్రుంగ్పా బౌద్ధమును బోధించెను. మఱునాటి రాత్రి రాం దాసు భగవద్గీతను బోధించెను. ఈ రాం దాసు పూర్వము హార్వర్డున మనస్తత్త్వశాస్త్రము చెప్పిన అమెరికా దేశస్థుడు. మన దేశమునకు వచ్చి నీంకరోలీ బాబాగారివలన ఆ పేరు పొందినవాడు. కవి ఆలెన్ గిన్స్‌బర్గు, కవయిత్రి ఆన్ వాల్డ్‌మన్ కలసి అచ్చటనే కవితాశాఖను స్థాపించిరి. గిన్స్‌బర్గు 1962, 63 సంవత్సరములలో కాశిలోను కలకత్తాలోను తిరిగినవాడు. నాటి ఉపన్యాసములను, కవితాపఠనములను టేపులపై పట్టి దాచిరి. ఏబది యేండ్లలో అవి వేల గంటలైనవి. నేడు నా మాట మీరు వినుచున్నట్లే, గతించినవారి కంఠములను ఇప్పటి విద్యార్థులు వినవచ్చును.

ఆ వేసవి బడి క్రమముగా బలపడినది. 1986లో దాని పట్టములకు విద్యాధికార సంఘముల గుర్తింపు లభించినది. బౌద్ధమునుండి ప్రేరణ పొందిన విద్యాలయములలో ఆ దేశమున అట్టి గుర్తింపు మొదట పొందినది ఇదియే. 1999లో విశ్వవిద్యాలయమను పేరు ధరించినది. అయినను మిక్కిలి చిన్న సంస్థ. అది మఠము కాదు. అచ్చట చేరుటకు బౌద్ధుడు కానక్కఱలేదు. ఏ మతమువారైనను, ఏ మతమును లేనివారైనను చదువుకొనవచ్చును.

అక్కడి విద్యలో విశేషమేమి? శాస్త్రములు, కవిత్వము, మనస్తత్త్వము అన్నియు చదివింతురు. పరీక్షలు, పట్టములు కలవు. వాటితోపాటు ధ్యానమును పాఠ్యక్రమమున చేర్చిరి. విద్యార్థి వెన్ను నిటారుగా నుంచి కూర్చుండును. కన్నులు మూయడు, చూపును కొంచెము క్రిందికి దించును. వచ్చిపోవు ఊపిరిని గమనించును. మనస్సు పరుగెత్తినప్పుడు, దానిని తిట్టక కొట్టక, ఎద్దును సాలులోనికి మఱల్చినట్లు మెల్లగా మఱల్చును. తరగతికి ముందును, ముగిసిన పిదపను గురుశిష్యులు ఒకరికొకరు తలవంచుట అక్కడి యాచారము. అది దేవునికి చేయు మ్రొక్కు కాదు. ఎదుటివానియందలి మంచికి చూపు మర్యాద. ప్రతి విద్యాభాగమున ఒక దినము పాఠములు మాని విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలసి సాధనలో గడుపుట ఒక నియమము.

ఇంకొకటి చెప్పుదును. మనోవ్యాధులకు చికిత్స నేర్చువారికై అచ్చట ఒక శిక్షణ కలదు. నీలము, పసుపు, ఎఱుపు, ఆకుపచ్చ, తెలుపు అని ఒక్కొక్కటి ఒక్క వన్నెలో నుండు అయిదు గదులు. విద్యార్థి ఒక్కొక్క గదిలో ఒక నియత భంగిమతో కొంతసేపుండి, తనలో కోపము లేచుచున్నదా, గర్వమా, ఆశయా, తొందరయా, మందతయా అని చూచుకొనవలెను. ఇతరుల మనస్సు బాగుచేయబోవువాడు ముందు తన మనస్సు నెఱుగవలెనని దీని తాత్పర్యము. మన వైద్యులు కూడ ముందు తమ నాడి తాము చూచుకొన నేర్తురు గదా!

ఇక ఆక్షేపణలు. మొదటిది: కదలక కూర్చుండుట చదువగునా? దానికి మార్కులు వేయుటెట్లు? ఈ ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. ధ్యానమును పాఠముగా చేసినచో అదియు మఱియొక వల్లెవేతగా మాఱవచ్చును. అర్థము తెలిసినదని పట్టమిచ్చుట యెవరితరము? అవ్వ చూచిన యబద్ధము అక్కడనే దాగియున్నది.

రెండవది స్థాపకుని గూర్చి. ట్రుంగ్పా మేధావి, ఆంగ్లమున ధ్యానమార్గమును సుబోధముగా చెప్పిన నేర్పరి. అయినను అతడు మితిమీరి మద్యము సేవించెను. శిష్యురాండ్రయెడ నతని ప్రవర్తన నాడును నేడును విమర్శకు గుఱియైనది. 1987లో, ఏబది యేండ్లు నిండకయే మరణించెను. ఉత్సవదినమున ఇట్టి మాట లెత్తరాదని కొందఱందురు. ఎత్తవలెననియే నా యభిప్రాయము. తన మనస్సును ఉన్నదున్నట్లు చూచుకొనుమని విద్యార్థికి బోధించు సంస్థ, తన చరిత్రను మాత్రము ఉన్నదున్నట్లు చూచుకొనకున్న, ఆ బోధలో మాటలే మిగులును. గురువు చెప్పినది గొప్పదగుట ఒకటి. గురువు చేసినదంతయు ఒప్పగుట మఱొకటి. ఈ రెంటిని కలిపివేసి మోసపోయినవారు అక్కడను కలరు, ఇక్కడను కలరు.

మూడవది ధనము. ప్రభుత్వపు విద్యాలయము కాదు గనుక విద్యార్థుల జీతములమీదను, దాతలమీదను బ్రదుకవలెను. తిలోపా నువ్వులు దంచి బ్రదికెను గాని శిష్యునికడ రుసుము పుచ్చుకొనినట్లు గాథ లేదు. వెలయిచ్చి కొనవలసిన విద్య పేదవాని గుమ్మము తొక్కుట కష్టము. స్వర్ణోత్సవము చేసికొన్న సంస్థకు ఇది తీఱని పరీక్షయే.

ఇన్ని చెప్పి, మఱి గ్రంథములను కట్టిపెట్టి కూర్చుండుడని నేననుట లేదు. నారోపా గ్రంథములను తగులబెట్టలేదు. మార్పా గ్రంథములను మోసికొనిపోయెను. కనుకనే ఆ విద్య దక్కినది. కుంచము ధాన్యము కాదు. కాని కుంచము లేక ధాన్యము కొలువలేము. వట్టి కుంచములు పేర్చి గాదె నిండినదని చెప్పుటయే తప్పు.

ఇప్పుడు మన గడపలోనికి వత్తము. మన పూర్వులు వీథిబడిలో మొదట వల్లించిన గ్రంథములలో అమరకోశ మొకటి. దానిని రచించిన అమరసింహుడు బౌద్ధుడని పెద్దలందురు. ఆ శ్లోకములు అర్థము తెలియక ముందే కంఠస్థమయ్యెడివి. జీవితము సాగినకొలది ఒక్కొక్క మాటకు అర్థము తెలిసెడిది. వల్లెవేయుట అర్థమునకు దారి యగునంతవఱకు మంచిదే. దారియే ఊరనుకొన్ననాడు, చదువవేసిన ఉన్నమతి పోయినదను సామెత నిజమగును.

నే నెఱిగిన యొక గ్రామములో ఏటేట భారతము చెప్పుకొనెడివారు. చెప్పు పౌరాణికునకు పర్వములన్నియు కంఠస్థము. ఉద్యోగపర్వమున పాండవులు అయిదూళ్లయిన నిండని యడిగిన ఘట్టము చెప్పుచుండగా వినువారు కన్నీరు పెట్టెడివారు. ఆ పౌరాణికుడే తన తమ్మునితో ఇంటిగోడ విషయమై వ్యాజ్యమాడుచుండెను. ఆ శ్రోతలలో ఒక వృద్ధ కాపు కలడు. వ్రాలు చేయుటయు రాదు, వ్రేలిముద్రయే. అతనికిని అన్నతో గట్టు తగవు. ఆ రాత్రి కథ విని ఇంటికి పోయి, తెల్లవాఱగనే అన్నగారి వాకిట నిలిచి, "అన్నా, అంత రాజ్యము గలవారు అయిదూళ్లతో సరిపెట్టుకొందుమనిరి. మనకు మూరెడు గట్టేల? నీవే తీసికొనుము" అనెనట. అన్న ఆ గట్టు తీసికొనలేదు. ఇద్దఱును కలసి దానిమీద కందిమొక్కలు వేసిరి. ఇందులో మాటలు తెలిసినవాడెవడో, అర్థము తెలిసినవాడెవడో మీకు నేను చెప్పనక్కఱలేదు.

2024వ సంవత్సరమున మఱొక విశేషము జరిగినది. 2010 నాటి చట్టముచే మన దేశమున మరల ఏర్పడిన నలందా విశ్వవిద్యాలయమునకు, పాత విహారమునకు చేరువనున్న రాజగిరికడ, జూన్ 19న నూతన ప్రాంగణము ప్రారంభమైనది. నలందాను విడిచినవాని పేరిటి విద్యాలయమునకు ఏబది యేండ్లు నిండిన యేటనే నలందాకు క్రొత్త భవనములు కలిగినవి. ఒకటి పడమటి కొండలకడ, ఒకటి మగధభూమిలో. రెంటికిని గ్రంథశాలలు కలవు, పండితులు కలరు. ఆ ముదుసలి యీ నాడు వచ్చినచో రెండు ద్వారములకడను అదే ప్రశ్న వేయును. మన యూరి బడికడ నాగినను అదే ప్రశ్న వేయును.

కావున గ్రామపెద్దలైన మీకు నాదొక మనవి. మీ యూరి పాఠశాలకు ఇరువదియైదేండ్లో ఏబదియేండ్లో నిండినప్పుడు ఉత్సవము తప్పక చేయుడు. ఉత్తీర్ణుల లెక్క చదువుడు. దానితోపాటు ఒక్క గడియ పాత విద్యార్థులను నిలిపి, "ఇక్కడ చదివినదానిలో నీ నడవడిని మార్చినది ఏది?" అని యడుగుడు. కొందఱు తడుముకొందురు, తడుముకొననిండు. "మాటలు మాత్రమే తెలిసినవి" అని యొకడు నిజము చెప్పినను ఆ యుత్సవము ధన్యమే. అవ్వ నవ్వినది ఆ నిజమునకే గదా!